బిడ్డ పేరు మీది కార్డు

“ఐదింటికే అమ్మా! ఐదు దాటితే ఇగ వాళ్ళు ఫోనెత్తరు.”

దివ్యశ్రీ గది గుమ్మంలో నిలబడి అరిచినంత పని చేసింది. మూడు రోజులుగా ఆ తలుపు తెరుచుకోవడమే తక్కువ. తెరుచుకున్నప్పుడల్లా ఇట్లాంటి మాట ఒకటి బయటికి విసిరేసి, మళ్ళీ లోపల గడియ పడుతోంది.

రత్నవ్వ ముందరి రేకుల కింద గోడకానుకొని కూర్చుంది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ మూలకు తంబాకు. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ముప్పై ఏళ్ళుగా బీడీలు చుట్టిన వేళ్ళు అవి. మనసు ఎక్కడ కొట్టుకుంటున్నా వాటికి పట్టదు.

“మొదలు ఇంత తిను బిడ్డా. పొద్దుగాల సంది చాయ మీదనే ఉన్నవ్.”

“కొలువు పోతుందే అంటే తిను తిను అంటవేందే!”

“మరి కొలువు సంగతి నాకేం ఎరుక? నాకు ఎరుకున్నది గదే.”

దివ్యశ్రీ నవ్వబోయి ఆగిపోయింది. జడ వేసి మూడు రోజులైనట్టుంది. కళ్ళ కింద నల్లటి చారలు. హైదరాబాద్ నుంచి ఒక సంచీ, ఒక ల్యాప్‌టాప్ పట్టుకొని ఆ పిల్ల పెర్కిట్‌లో బస్సు దిగి ఎనిమిది రోజులైంది. “ఇంటికాడి నుంచే పని” అని చెప్పింది. రత్నవ్వ నమ్మలేదు. మొదటి రాత్రే బిడ్డకు ఏదో పెద్ద రోగం అనుకుంది. రెండో రోజు ఎవరినో ప్రేమించి చెడిపోయింది అనుకుంది. మూడో రోజు పోలీసుల దాకా పోయింది ఆమె ఊహ. కంపెనీ నుంచి కాగితం వచ్చింది, శుక్రవారం ఐదింటిలోగా జవాబు చెప్పాలి అని తెలిసినప్పుడు, భయపడ్డవాటిల్లో ఇది ఒక్కటే లేదే అని ఆమె ఆశ్చర్యపోయింది.

ఇవాళే ఆ శుక్రవారం.

“ఇయ్యాలన్న సక్కగ చెప్పవే. ఏమంటున్నరు వాళ్ళు?”

“ఏమంటరు! నేను ఇంకో కొలువు చేస్తున్ననట. కంపెనీకి తెల్వకుంట, దొంగతనంగ.”

“నువ్వా? ఉన్న కొలువుకే తిననీకి టైము లేకపాయె. ఇంకోటి ఎక్కడ చేస్తవ్?”

“నేను గూడ గదే అడిగిన. నా పీఎఫ్ నంబర్ మీద ఇద్దరు మాలిక్‌లు కనవడ్తున్నరట. ఒకటి మా కంపెనీ. ఇంకోటి మన నిజామాబాద్ జిల్లాలనే ఉందట. నాలుగేండ్ల సంది నా పేరు మీద నెలనెల పడుతనే ఉందట. పొద్దున ఫోన్ల చెప్పింది గా హెచ్‌ఆర్ మేడం.”

రత్నవ్వ వేళ్ళు ఆగిపోయాయి.

సగం చుట్టిన బీడీ బొటనవేలి కిందనే ఉండిపోయింది. దాన్ని కిందపెట్టాలో, ముడి వేయాలో ఆమెకు తోచలేదు.

“పేరు చెప్పలేదా మరి, ఏ కంపెనీయో?”

“చెప్పరట. నా నోటితోని నేనే ఒప్పుకోవాల్నట. నేనే చూసుకుందామంటే ఆ నంబర్‌కు లింకున్నది నా పాత సిమ్ము. ఎప్పుడో బంద్ పెట్టిన. ఓటీపీ దానికే పోతది.” దివ్యశ్రీ వచ్చి తల్లికెదురుగా గడప మీద కూలబడింది. “ఎవడో నా ఆధార్ వాడుకున్నడమ్మా. వాడెవడో దొరకాలె, ఉంటది వానికి.”

రత్నవ్వ తల వంచుకొని తంబాకు సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

“గంత పెద్ద కంపెనీకి నీ పీఎఫ్ తోని ఏం పని బిడ్డా? ఇన్నేండ్లు చూడనిది ఇప్పుడెందుకు చూస్తున్నరు?”

“ఎందుకంటే సాకు కావాలె కాబట్టి.” దివ్యశ్రీ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. “నలభై మందిమి ఉంటిమి మా టీముల. బయటి దేశం ఇన్సూరెన్సోళ్ళ పని మాది. వాళ్ళ సాఫ్ట్‌వేర్ల తప్పులు వెతుకుడు. ఈసారి వాళ్ళు ఏమన్నరంటే, గంతమంది ఎందుకు, గా ఏఐ తోని చేయిస్తే పది పన్నెండు మంది చాలు గదా, గట్లయితెనే పని ఇస్తం అన్నరు. మావోళ్ళు సరే అన్నరు. ఆర్నెల్లు కూసోని దానికి పనంత నేర్పింది ఎవరనుకుంటున్నవ్? నేనే. ఎక్కడ తప్పు దొరుకుతదో, ఎట్ల పట్టాల్నో, అన్ని రాసి ఇచ్చిన.”

“నువ్వు నేర్పినదానికే నీ పని ఇచ్చిండ్రా?”

“ఆఁ.”

“నువ్వెందుకు నేర్పినవే పిచ్చిదాన!”

“నేర్పకపోతే గప్పుడే తీసేస్తుండె.”

వీధిలో పసుపు బస్తాల ట్రాక్టర్ ఒకటి పోయింది. దాని వెనక లేచిన పచ్చటి దుమ్ము ఎండలో కాసేపు నిలిచి, మెల్లగా ఇంటి ముందరి బండల మీద వాలింది.

“మా గ్రూపుల ఎవ్వలన్న పోతుంటే అందరం ఆల్ ద బెస్ట్ అని పెడుతుంటిమి. మొదట్ల నలభై వచ్చేటివి. పోయిన వారం శ్రావణి పోయింది. నేనొక్కదాన్నే పెట్టిన. ఎవ్వలు చూసినట్టు గూడ లేదు.” దివ్యశ్రీ ఫోను తిప్పి నేల మీద బోర్లించింది. “పదకొండు మందిని ఉంచుతరట. గా ఏఐ చేసిన పనిని చూసుకునేతందుకు. గా పదకొండుల నా పేరుంది అమ్మా. మా మేనేజర్ చూపిచ్చిండు. ఇదొక్కటి అడ్డం పడింది. ఇది తేలితే ఉంట. తేలకపోతే, దొంగ కొలువు చేసిందని రాసి పంపిస్తరు. గట్ల రాస్తే ఇగ ఏ కంపెనీల తీసుకోరు.”

రత్నవ్వకు ఆ మాటల్లో సగం కొత్తవి. మిగతా సగం మాత్రం ఆమెకు బాగా తెలుసు. బీడీల పని నెలకు ఇరవై ఆరు రోజులు ఉండేది ఒకప్పుడు. ఇప్పుడు పది రోజులు దొరికితే గొప్ప. పని తగ్గుతోందని కంపెనీ ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. ముందు ఛాట్, అంటే పనికిరావని తీసేసే బీడీల లెక్క, పెంచింది. ఈ బీడీ సన్నం, ఈ బీడీ పొట్టి, ఈ ముడి వదులు అని గుప్పెళ్ళకొద్దీ తీసి పారేయడం మొదలుపెట్టింది. చేతులు తగ్గించాలనుకున్నవాడు ముందు చేతిపనిలో తప్పు వెతుకుతాడని ఆర్మూరులో బీడీలు చుట్టే ఏ ఆడదాన్ని అడిగినా చెప్తుంది.

కాని ఈ తప్పు వాళ్ళు వెతికి పట్టుకున్నది కాదు. ఇక్కడ, ఈ రేకుల కింద, ఈ చాటలో పుట్టింది.

“అమ్మా.”

“ఆఁ.”

“ఇంటర్ సెలవుల్ల నా పేరు మీద బీడీ కార్డు చేయిస్తివి గదా. నాకు కొలువు వచ్చినప్పుడు తీసేయించుమంటే తీసేయించిన అన్నవ్. తీసేయించినవా నిజంగ?”

రత్నవ్వ బిడ్డ ముఖం చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది. నిజం చెబితే ఈ పిల్ల ఇంకెన్నడూ ఈ గడప తొక్కదు అనిపించింది. అనిపించగానే అది జరిగిపోయినట్టే కనబడింది: సంచీ సర్దుకుంటున్న బిడ్డ, బస్సు, మోగని ఫోను.

“తీసేయించిన బిడ్డా. గప్పుడే.”

“ఒట్టు?”

“నీ మీద ఒట్టేస్తనా నేను! తీసేయించిన అంటున్న గదా!”

దివ్యశ్రీ లేచి లోపలికి పోయింది. గడియ పడింది.

*

తీసేయించలేదు.

ఆ గల్లీలో ఆడపిల్లకు పద్దెనిమిది నిండితే కార్డు చేయించడం అందరూ చేసే పనే. కంపెనీ తరఫున ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు ముందు కూర్చొని నాలుగు కట్టలు చుట్టి చూపిస్తే పేరు ఎక్కుతుంది. దివ్యశ్రీ కూడా ఒక పూట మూతి ముడుచుకొని చుట్టింది. తర్వాత ఇంజనీరింగ్ చదివింది, కొలువు వచ్చింది. బిడ్డ పనిచేసే చోటు చూద్దామని మొగుడు ముత్తెన్నతో కలిసి రత్నవ్వ ఒక్కసారి హైదరాబాద్ పోయింది. మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి ఆ అద్దాల మేడ చూసింది. తండ్రీ బిడ్డా మురిసిపోతుంటే ఆమెకు మాత్రం భయం పట్టుకుంది. ఇంత ఎత్తైనది ఒకనాడు వద్దు పొమ్మంటే నా బిడ్డ ఎక్కడ నిలబడుతుంది?

ఇంటికొచ్చిన వారమే టేకేదారు నడిపే సెంటర్‌కు పోయింది. కార్డు తీసేయమని చెప్పడానికే పోయింది. చెప్పకుండా తిరిగొచ్చింది. ఆనాటి నుంచి, ఆ కార్డు రద్దు కాకుండా ఉండాలని, తను చుట్టిన బీడీల్లో సగం తన పుస్తకంలో, సగం బిడ్డ పుస్తకంలో రాయించింది. పోయినేడు అందరి ఆధార్ కాగితాలు అడిగితే బిడ్డది కూడా ఇచ్చింది. ఆ కాగితమే ఈ కొలువునూ ఆ కొలువునూ ఒకే పేరు కింద చేర్చిందని ఇవాళే తెలిసింది.

భయంతో దాచింది. దాచిందే బిడ్డకు అడ్డం పడింది.

ఫోను మోగింది. ముత్తెన్న. ఆలూర్‌లో పసుపు ఉడకబెట్టే పని మీద పోయి పది రోజులు, అక్కడే కల్లంలో పడుకుంటున్నాడు.

“మొగులు పట్టిందే ఇక్కడ. పసుపంత ఆరబోసి ఉన్నది. అక్కడెట్లుంది?”

“ఎండనే ఉంది.”

“పిల్ల తింటుందా?”

“తింటుంది.”

“గొంతేంది గట్లున్నది?”

“తంబాకు ఘాటు. నువ్వు పైలం.”

పెట్టేసింది. చెబితే ఆయన పసుపు వదిలేసి వస్తాడు. వాన పడితే ఆ తప్పు కూడా తనదే అవుతుంది. పక్కింట్లో ఎవరో నవ్వుతున్నారు. ఇంత పెద్ద గల్లీలో ఈ మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేకపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు.

చాట దించి, లోపలి పెట్టెలోంచి కార్డు తీసింది. దివ్యశ్రీ పదో తరగతి మెమో కింద, పాలిథిన్ కవర్‌లో భద్రంగా ఉంది. రెండు జడలతో, కెమెరా మీద కోపంగా చూస్తున్న ఫోటో. కొంగులో చుట్టుకొని సెంటర్ దారి పట్టింది.

*

సెంటర్‌లో ఆకు తూకం నడుస్తోంది. పది పన్నెండు మంది ఆడవాళ్ళు గోడ వారగా కూర్చున్నారు.

“రా రత్నక్కా!” అన్నది భాగ్యవ్వ, రెండిళ్ళ అవతలి మనిషి, నోరు ఊరుకోని మనిషి. “నీ బిడ్డ ఏసీల కూసుంటది అంటివి, వారం సంది ఫ్యాను కిందనే ఉన్నదట? కంపెనీనే ఇంటికి తెచ్చుకున్నదా ఏంది?”

ఆడవాళ్ళు నవ్వారు. రత్నవ్వ కూడా నవ్వినట్టు మూతి కదిపి, టేకేదారు సాయన్న దగ్గరికి పోయి కార్డు ముందు పెట్టింది.

“అన్నా, ఇది తీసెయ్యాలె. ఇయ్యాలనే.”

“ఇయ్యాలనే అంటే అయితదా చెల్లె? నాలుగేండ్లు చుట్టిన పేరాయె.” సాయన్న కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “ఏమైంది?”

ఆమె చెప్పింది. గొంతు తగ్గించి చెబుతున్నాననుకుంది. సగంలో తూకం ఆగింది. చివరికొచ్చేసరికి గోడ వారన అందరి తలలూ ఇటే తిరిగి ఉన్నాయి.

“నా బిడ్డ చుట్టలేదు, నేనే చుట్టిన అని ఒక్క కాయిదం రాసియ్యి అన్నా. గది చూపిస్తే దాని కొలువు నిలవడ్తది.”

 సాయన్న కార్డును అటూ ఇటూ తిప్పాడు.

“రాసిస్త. రాసిచ్చినంక ఏమైతదో గది గూడ ఇను. గా కాయిదం హైదరాబాదుల ఆగదు, మన బీడీ కంపెనీ పెద్దాఫీసుకు వస్తది. బిడ్డల పేరు మీద, కోడండ్ల పేరు మీద తల్లులు, అత్తలు చుట్టిన కార్డులు ఈ సెంటర్ల పదిహేడున్నయ్. నాకెరుకనే, నేనే రాస్తున్న. మొదలు నీ అసలు కార్డు తీస్తరు. తర్వాత పదిహేడు తీస్తరు. ఆఖరుకు సెంటరే లేపుతరు. సాకు ఎప్పుడు దొరుకుతదా అని వాళ్ళు ఇక్కడ గూడ చూస్తనే ఉన్నరు చెల్లె.”

“మరి నా బిడ్డ?”

 జవాబు భాగ్యవ్వ ఇచ్చింది. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

“నీ బిడ్డ సదువుకున్నది రత్నక్కా. ఈడ కాకపోతే ఇంకోకాడ దొరుకుతది. నా కోడలు పేరు మీది కార్డు పోతే నేనేడికి పోవాలె?”

“దొంగ అని రాస్తే ఏడ దొరుకుతది భాగ్యా?”

“గది నాకెరుకలేదు. నాది నాకు ఎరుక.”

రత్నవ్వ కార్డు తీసుకుంది. బయటికొస్తుంటే ఒక్కరు కూడా కాస్త ఆగు అనలేదు. పెళ్ళిళ్ళకు, చావులకు ఆమెతో పాటు నడిచినవాళ్ళు, ఒకే బస్తాలోంచి ఆకు పంచుకున్నవాళ్ళు, తలలు వంచుకొని ఆకు లెక్క చూసుకుంటున్నారు.

*

ఇంటికొచ్చేసరికి మూడున్నర. గది తలుపు బార్లా తెరిచి ఉంది. దివ్యశ్రీ తలంటుకొని, తడి జుట్టు వెనక్కి వదిలేసుకొని వంటింట్లో గిన్నెలు తీస్తోంది.

“ఏడికి పోయినవే? ఆకలైతుంది నాకు!”

వారంలో మొదటిసారి విన్నది ఆ మాట. రత్నవ్వ గుమ్మంలోనే ఆగింది.

“ఏమైంది బిడ్డా?”

“రాసి పంపిచ్చిన. మా మేనేజర్ చెప్పిండు. గా సంస్థ ఏదో నాకు తెల్వది, నేనెన్నడు పని చెయ్యలె, ఎవరో నా ఆధార్ దొంగతనంగ వాడుకున్నరు, పోలీస్ కంప్లయింట్ గూడ ఇస్త అని రాసియ్యి, మిగతది నేను చూసుకుంట అన్నడు. సంతకం పెట్టి పంపిచ్చిన. ఐదింటికి ఒక్క కాల్ ఉంటదట. అయిపోయినట్టే అమ్మా!”

“సంతకం… పెట్టినవా?”

“పెట్టకపోతె ఎట్ల? నువ్వు కార్డు తీసేయించినవని తెలిసినంకనే పెట్టిన. ముందుగాల భయమైంది నాకు, గదేనేమో అని.” దివ్యశ్రీ నవ్వింది. చిన్నప్పటి నవ్వు, ఒక చెంప మీదే సొట్ట పడేది. “ఏం కూర చేసినవ్?”

రత్నవ్వ అన్నం పెట్టింది. పప్పుచారు పోసింది. బిడ్డ రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. తింటూ చెబుతూనే ఉంది: కొత్త పనిలో ఏం చేయాలో, ఆ ఏఐ ఎక్కడెక్కడ మూర్ఖంగా తప్పులు చేస్తుందో, దాన్ని చూసుకోవడానికి మనుషులు ఎప్పటికీ కావాల్సిందేనని. ఎప్పటికీ అనే మాట దగ్గర కొంచెం ఆగింది. “ఇంకో రెండు మూడేండ్లయితే ఉంటది,” అని దిద్దుకుంది.

బిడ్డ కంచం ఖాళీ అయ్యేదాకా రత్నవ్వ ఆగింది. ఆఖరి ముద్ద మింగి మంచినీళ్ళు తాగాక, కొంగు విప్పి కార్డును కంచం పక్కన పెట్టింది.

దివ్యశ్రీ చూసింది. ఫోటోను చూసింది. వెనక్కి తిప్పింది. మొన్నటి వారం దాకా వేసిన ముద్రలున్నాయి.



“ఒట్టు అన్న గదా నేను.”

“భయమైంది బిడ్డా.”

“నాలుగేండ్లా?”

“పుట్టినప్పటి సంది.”

“నాకు అక్కరకొస్తదని పెట్టినవా ఇది? నేను మల్ల వచ్చి నీ పక్కన కూసోని చుట్టాలె అనుకున్నవా? గింతేనా అమ్మా నా మీద నీకు?”

“నీ మీద కాదు. గా అద్దాల మేడ మీద లేకుండె నాకు నమ్మకం.”

దివ్యశ్రీ కంచంలోనే చెయ్యి కడుక్కుంది. లేచింది. రత్నవ్వ ఆమె వెనకే నడుస్తూ సెంటర్‌లో విన్నదంతా చెప్పింది. పదిహేడు కార్డులు, భాగ్యవ్వ కోడలు, పెద్దాఫీసు. “నువ్వేం చెప్పినా నాకు ఇష్టమే బిడ్డా. నా కార్డు పోయినా సరే.”

“నీ ఒక్కదాని కార్డయితే ఇప్పుడే చెబుతుంటి,” అన్నది దివ్యశ్రీ గోడవైపు చూస్తూ. “పదిహేడు మంది అంటున్నవ్. భాగ్యవ్వ చిన్నమ్మ చేతిల నేను పెరిగిన.”

గడియ పడింది.

రత్నవ్వ మళ్ళీ రేకుల కిందికి వచ్చి చాట ఒళ్ళో పెట్టుకుంది. ఊరికే కూర్చోలేకపోయింది. చుట్టిన ప్రతి బీడీ వదులుగా వచ్చింది. ఛాట్‌లో పోయేవే అన్నీ. నాలుగున్నర. ముప్పావు. గేటు దగ్గర అలికిడైతే తలెత్తింది. భాగ్యవ్వ. లోపలికి రాలేదు. గేటు పట్టుకొని నిలబడింది. ఏం చెబుతారో వినడానికే వచ్చిందని రత్నవ్వకు అర్థమైంది.

ఐదు.

లోపల ల్యాప్‌టాప్ మోగింది. ఆడ గొంతు, పట్నపు మర్యాద గొంతు, తలుపు సందులోంచి వినబడింది.

“దివ్యశ్రీ గారూ, మీ లెటర్ చూశాం. ఒక్క ప్రశ్న మిగిలిందండి. అది బీడీ కంపెనీ. అందులో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా పనిచేస్తున్నారా?”

రత్నవ్వ తలుపు వైపు తిరిగింది.

“దివ్యశ్రీ గారూ, వినబడుతోందా?”

“వినవడ్తుంది మేడం. ఉన్నరు.”

గేటు దగ్గర భాగ్యవ్వ చెయ్యి ఇనుప చువ్వ మీద బిగిసింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. గడియ తీసిన చప్పుడు. దివ్యశ్రీ తెరిచిన ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకొని బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వంగి దాన్ని తల్లి ముందు, తునికాకు పక్కన దించింది. తెరలో ఎవరో తెలియని ముగ్గురు. ఒక మూలన చిన్న డబ్బాలో చాట ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలి ఆడమనిషి. అది తనేనని గుర్తుపట్టడానికి రత్నవ్వకు ఒక క్షణం పట్టింది.

“నేను చెబితే ఒకటైతది, చెప్పకపోతే ఒకటైతది,” అన్నది దివ్యశ్రీ మెల్లగా. “కార్డు దాచింది నువ్వు. నువ్వే చెప్పమ్మా.”

“నమస్తే అమ్మా,” అన్నది తెరలోని గొంతు. “మీరెవరండి?”

రత్నవ్వ గేటు వైపు చూసింది. బిడ్డ వైపు చూసింది. ఒళ్ళోని చాటను మెల్లగా పక్కకు దించి, నోరు తెరిచింది.